గాలమును ముట్టని చేప

సముద్రతీరమున గాలము వేసి కూర్చున్నవానికి రాత్రియంతయు నొక్క చేపయైనను జిక్కనియెడల దానికి రెండు కారణము లుండవచ్చును. చేపలు నీటిలో నుండియు ఎరను ముట్టకుండుట మొదటిది. నీటిలో చేపలే లేకుండుట రెండవది. ఒడ్డున నున్నవాని కంటికి ఈ రెండును ఒక్కరీతిగనే కనబడును. దారము కదలదు, చేతికి బరువు తగులదు, తెల్లవాఱును. ఇంటికి బోయి వాడు చెప్పు మాట మాత్ర మెల్లప్పుడును నొక్కటియే. చేపలు కావలసినన్ని యున్నవి గాని యీ దినమున గఱచుట లేదనును. రెండవ కారణమును దలచుటకు వాని మనసొప్పదు. అమెరికా సంయుక్త రాష్ట్రముల తూర్పు తీరమున నొక జాతి చేపను గూర్చి యీ రెండు కారణములకును గల భేదమును దెలిసికొనుటకు జనులకు మూడువందల యేండ్లకు పైగా బట్టినది.

ఆ చేపను వారు స్ట్రైప్డ్ బాస్ అందురు. మనము చారల బాస్ అనవచ్చును. వెండివలె మెఱయు ప్రక్కలపై మొప్పల వెనుకనుండి తోక వఱకు ఏడెనిమిది నల్లని చారలు సాగియుండును. ముప్పది యేండ్ల వఱకు బ్రదుకగలదు. ఏబది పౌనులకు మించి పెరిగిన చేపలు దాదాపుగా నన్నియు నాడుచేపలే. ఇది సముద్రమున దిరుగునదే యైనను గ్రుడ్లు పెట్టుటకు వసంతకాలమున నదులలోనికి ఎదురీది వచ్చును. మన గోదావరికి వఱదనీరు వచ్చినప్పుడు సముద్రమునుండి యెదురెక్కి వచ్చు పులస యిట్టిదే. పుస్తె లమ్మియైనను పులస తినవలెనను సామెతను గట్టినవాడు పురుషుడై యుండునని నా యనుమానము; పుస్తె లెవరివో యతడు చెప్పలేదు. ఆ ప్రసంగ మటుండనిండు. చారల బాసునకు గోదావరివంటిది చెసపీక్ అఖాతము. మేరీలాండు, వర్జీనియా రాష్ట్రముల నదులు వచ్చి కలియు ఆ జలములలోనే అట్లాంటిక్ తీరపు బాసులలో నధికభాగము పుట్టును. హడ్సను, డెలవేరు నదులును వీని పుట్టిండ్లే. పుట్టిన కొన్ని యేండ్లకు ఆడుచేపలు తీరము వెంబడి యుత్తరమునకు బోయి వేసవిని మాసచూసెట్సు, రోడ్ ఐలండు తీరములందు గడపి మరల వచ్చును. అనగా నుత్తరమున గాలము వేయువాడు తాను పట్టు చేప పుట్టిన నీటిని ఎన్నడును జూచి యుండడు. ఈ సంగతి ముందు మనకు పనికివచ్చును.

ఇంగ్లండునుండి వచ్చి మాసచూసెట్సు తీరమున గాపురముండిన తొలి వలసదారులకు ఈ చేప కఱవకపోవుట యనునది తెలియదు. విలియం వుడ్ అను నతడు 1634లో నా దేశమును వర్ణించుచు ప్రకటించిన గ్రంథమున బాసును బట్టు విధమును జెప్పియున్నాడు. లావు త్రాటికి లాబ్‌స్టరను పెద్ద సముద్రపు రొయ్య ముక్కను గట్టి విసరుటయు, చేప కఱచినంతనే లాగి తలపై కఱ్ఱతో మోదుటయు, ఇంతియే విద్య. కఱవని చేపకు వారియొద్ద మఱియొక యుపాయ ముండెను. పోటు వచ్చినప్పుడు చేపలు చిన్న కాలువలలోనికి బ్రవేశించును. నీరు నిండిన వేళ కాలువ కడ్డముగా వల గట్టిన, పాటునకు నీరు దిగిపోయి చేపలు బురదపై మిగులును. ఒక్క కట్టునకు రెండు మూడువేల చేపలు చిక్కుచుండెనని యతడే వ్రాసినాడు. వానిని ఉప్పు వేసి చలికాలమునకు దాచుకొనుచుండిరి. దాచుకొనగా మిగిలినవానిని పొలములకు ఎరువుగా వేయుచుండిరి.

ఈ యెరువు వేయుట అధికారుల కంట బడెను. మాసచూసెట్సు బే వలసరాజ్యపు శాసనసభ 1639లో కాడ్ చేపను గాని బాసును గాని యెరువుగా వాడరాదని యాజ్ఞాపించినది. ఆ ఖండమున ఆంగ్లేయులు చేపల రక్షణకై చేసిన తొలి శాసనములలో నిది యొకటి. 1670లో ప్లిమత్ వలసరాజ్యము మఱియొక పని చేసెను. కేప్ కాడు వద్ద బాసు, మాకెరెల్, హెఱ్ఱింగు చేపల వేటవలన ప్రభుత్వమునకు వచ్చు రాబడిని ఉచిత పాఠశాల కొకదానికి వినియోగింప నిశ్చయించినది. ఆ ధనములో గొంత భాగము, వలసరాజ్యమును సేవించి మరణించినవారి భార్యలకును బిడ్డలకును సాయముగా బోయినది. వలనుండి వచ్చిన రూకతో బడి నడపుట, వితంతువు నాదరించుట, ఈ రెండును ఆ కాలపు పల్లెకారులు తమ కష్టఫలముగా నెఱిగియుండిరో లేదో గాని, ఒక జాతి చేప కింతటి ధర్మకార్యము నంటగట్టిన ప్రభుత్వములు చరిత్రలో నరుదు. ఆ శాసనములు రెండును చేప యెన్నటికిని దఱుగని సొమ్మను నమ్మికతో జేయబడినవే. సొమ్మును వృథా చేయరాదని మొదటిది, మంచి పనికి వినియోగింపవలెనని రెండవది. సొమ్ము తఱుగునేమో యను భయ మింకను బుట్టలేదు.

రెండువందల యేండ్లు గడచినవి. దేశమునందలి యంతర్యుద్ధపు తుది దినములలో బాసువేట ధనవంతుల వినోదమయ్యెను. 1864లో న్యూయార్కు ధనికులు కొందఱు మాసచూసెట్సు తీరమునకు జేరువనున్న కటిహంక్ అను చిన్న ద్వీపమున నొక వేటసంఘమును స్థాపించిరి. ఇరుగుపొరుగు ద్వీపములలో నింకను గొన్ని లేచినవి. సముద్రములోని బండల మీదికి ఇనుపకడ్డీలను నాటి వానిపై బలకలు పఱచి వంతెనవంటి దారి వేయుదురు. ఆ దారి కొనయందు కూర్చుండుటకు పీట యుండును. ఏ బండ యెవరిదో ముందునాటి రాత్రియే చీట్లు వేసి నిర్ణయించుకొందురు. తెల్లవాఱక మున్నే దొర పోయి యా పీటపై గూర్చుండును. అతని వెంట ఆ యూరి కుఱ్ఱవాడొకడు పోయి మెన్‌హేడెన్ అను నూనెచేపను, లాబ్‌స్టరులను ముక్కలు గోసి యలలలో జల్లుచుండును. ఆ వాసనకు జేపలు చేరును. చేప చిక్కినచో దాని తూకము దొర పేర సంఘపు పుస్తకమున నెక్కును. చల్లిన చేతి పేరు ఆ పుస్తకమున గానరాదు. ఈ సంఘములవారు వాడిన పేనిన నారదారమునకు కటిహంక్ దారమని పేరు వచ్చి, సంఘము పోయిన తరువాతను జాలకాలము అంగళ్లలో నా పేరుతోనే యమ్ముడుపోయెను.

కఱవని చేపను గూర్చిన మాటలు పెరిగినది గాలముతో మాత్రమే చేపను బట్టుట గౌరవమనుకొన్న యిట్టి కాలముననే. వల గలవానికి చేప యిష్టాయిష్టములతో బని లేదు. గాలపువానికి అదియే సర్వస్వము. కావున బాసు మాయలమారి యనియు, గర్విష్ఠి యనియు, గాలపువారిచేత జదువు నేర్చినదనియు వారు చెప్పుకొనుచుండిరి. నాటికిని నేటికిని గాలపువారి సంభాషణలో సగము ఇదియే.

అయితే యిందు సత్యము లేకపోలేదు. బాసు నిజముగనే యెర ముట్టని వేళలు గలవు. వానికి గారణములు గలవు. రోడ్ ఐలండు తీరమున సముద్రముతో గలిసియుండు ఉప్పునీటి మడుగులలో మే, జూను మాసములందు అమావాస్యకు బున్నమకు జేరువ దినములలో సాయంకాలమున నొక విచిత్రము గనబడును. అడుగు బురదలో నుండు సన్నని యెఱ్ఱని పురుగులు తమ సంతానకార్యమునకై వేలకొలది పైకి వచ్చి నీటిమీద గిరగిర దిరుగును. బాసులు వచ్చి పెదవులతో జప్పరించినట్లు వానిని మ్రింగుచుండును. నీరంతయు వలయములు వలయములుగా గదలుచుండును. చేపల చప్పుడు చెవులకు వినబడును. ఒడ్డున నున్నవాడు తనకు దెలిసిన యెరలన్నియు వేయును. ఒక్కటియు వానిని ముట్టదు. విందులో గూర్చుండి బూరెలు తినుచున్నవానికి వీధిలోనుండి చేయి చాచి అటుకులు చూపినచో వాడు లేచివచ్చునా? ఇసుకలో దూఱు సన్నని చేపపిల్లలు గుంపులు గుంపులుగా వచ్చినప్పుడును నిట్లే జరుగును. ఎదుట నున్న యాహారమును బోలిన కొలత, పోలిక, నడక యెరకు లేనిచో బాసు దానిని జూడదు.

నీటి నడక మఱియొక కారణము. బాసు ఆహారమును వెదకికొని తిరుగుటకంటె బండ చాటున నిలిచి, పాఱు నీరు తెచ్చియిచ్చుదానిని దినుటయే సులభమని యెఱిగినది. పోటు పాటుల నడుమ నీరు నిలిచిపోయిన గడియలలో దాని నోరును మూతబడును. గ్రుడ్లు పెట్టుటకు నదులలోనికి వచ్చినప్పుడు కొన్ని దినము లది తిండినే మానును. నీరు మిక్కిలి వేడెక్కినను దాని యాకలి మందగించును. వేసవి రాత్రులందు ఇంకొక చిక్కు గలదు. సముద్రజలమున గంటికి గానరాని సూక్ష్మజీవులు కొన్ని కదలిక తగిలినంతనే వెలుగును. అట్టి రాత్రి గాలపుదారము నీటిలో లాగినచో నగ్నిరేఖవలె గనబడును. నీటిలో నిప్పున్నదని యచ్చటివారందురు. నిప్పుత్రాడు వెంట వచ్చు ఎరను జూచి చేప తొలగిపోయినచో దానిని గర్విష్ఠి యనుట న్యాయమా?

ఈ కారణము లన్నియు నిజములే. చిక్కంతయు నందుననే యున్నది. ఈ వారము నీరు వేడిగా నున్నది, ఈ పక్షము వెన్నెల యెక్కువ, ఈ యేడు చిన్నచేపల గుంపులు దూరముగా బోయినవి యని యొకదాని తరువాత నొక కారణము చెప్పుకొనుచు, ప్రతిదియు నంతో యింతో నిజమే యగుటచేత, యేండ్లకేండ్లు గడపవచ్చును. కటిహంక్ మొదలగు సంఘముల పుస్తకములలో 1880 తరువాత నంకెలు తగ్గుచు వచ్చినవి. చేపలున్నవి, కఱచుట లేదు, అనుకొనుచుండగనే పందొమ్మిదవ శతాబ్ది ముగిసెను. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో సంఘములు మూతబడెను. బలకలు తుపానులకు గొట్టుకొనిపోయినవి. బండలలో నాటిన యినుపకడ్డీలు మాత్రము తుప్పుపట్టి మిగిలినవి.

చిత్రమేమనగా, అట్టి కఱవుకాలమున, 1913లో, కటిహంక్ పొరుగు ద్వీపమగు నాషవీనా దగ్గఱ 73 పౌనుల బాసు గాలమునకు జిక్కెను. అంతటి చేపను అంతకుముందు గాలముతో బట్టినట్టు లెక్కలలో లేదు. చేపలు లేవనువారి నోరు మూయించుట కింతకంటె నేమి కావలయును? కాని యోచించి చూచినచో నది శుభశకునము కాదు. చిన్నచేపలు పుట్టుట తగ్గినపుడు పూర్వము పుట్టినవి ముదిసి పెద్దవగుచుండును. ఉయ్యెల యూగని యింట నవ్వలే మిగులుదురు. ఆ యవ్వలలో నొకతె గాలమునకు జిక్కినది. అరువది తొమ్మిది సంవత్సరములకు నిదే మరల జరిగెను: 1982 సెప్టెంబరులో అట్లాంటిక్ సిటీ కడ, తుపాను రాత్రి, రాతికట్ట మీదినుండి 78 1/2 పౌనుల బాసును బట్టిరి. ఆ కాలమున నా జాతి యెట్టి స్థితిలో నుండెనో ముందు చూతము.

చేప యొడ్డున లేకపోవుటకు హేతువు ఒడ్డున లేదు. అది పుట్టు నదులలో గలదు. ఈ సంగతిని శాస్త్రీయముగా జూపినవారిలో డేనియల్ మెర్రిమను ముఖ్యుడు. 1936లో నుత్తరతీరమున బాసులు హఠాత్తుగా లెక్కలేనన్ని కనబడెను. మెర్రిమను పొలుసులమీది వలయములను బట్టి వయస్సు లెక్కించియు, చేపలకు గుర్తుబిళ్లలు గట్టి విడిచి వాని ప్రయాణమును గనిపెట్టియు, ఆ చేపలలో మిక్కుటముగా నున్నవి 1934లో పుట్టిన యొక్క తరమునకు జెందినవని 1941లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. ఏటేట సమముగా బిల్లలు పుట్టవు. గ్రుడ్లు పొదుగుటకు రెండు దినములు చాలును గాని, ఆ రెండుదినములు నవి యడుగు బురదలో బడకుండ ప్రవాహము మోయవలెను. పిల్లలు వెలికివచ్చిన వేళకు సూక్ష్మమగు నాహారము సిద్ధముగా నుండవలెను. చలి యెక్కువైనను నీరు తక్కువైనను లక్షలు నశించును. అన్నియు గూడివచ్చిన యేడు ఒక్క తరమే తీరమంతయు నిండును.

అన్నియు గూడివచ్చుట యెంతటి శక్తిగలదో తెలియుటకు బశ్చిమతీరమును జూడవలెను. అచ్చట నీ చేప యెన్నడును లేదు. 1879లో న్యూజెర్సీలోని నవెసింకు నదినుండి 132 పిల్లలను నీటితొట్లలో నుంచి రైలుబండిపై దేశము నీ కొననుండి యా కొనకు గొనిపోయి కాలిఫోర్నియాలో విడిచిరి. 1882లో నింకొక 300 విడిచిరి. పదేండ్లు నిండకమున్నే యవి శాన్ ఫ్రాన్సిస్కో యంగళ్లలో నమ్ముడుపోయినవి. 1899లో వలలకు జిక్కినవి పండ్రెండు లక్షల పౌనులకు మించెను. తగిన నీరు దొరకినచో నాలుగువందల చేపలు చాలును. తగిన నీరు లేనిచో, తల్లులు మిగులనిచో, దేవతల నెరగా వేసినను ప్రయోజనము లేదు.

1954లో మేరీలాండు రాష్ట్రమువారు మిక్కిలి సామాన్యముగా గనబడు పని యొకటి మొదలిడిరి. ఏటేట వేసవిలో చెసపీక్ నదీముఖములయందు నూఱడుగుల పొడవు గల వలను ఒడ్డునకు లాగి, ఆ యేడు పుట్టిన బాసుపిల్లలను లెక్కించుటయే యా పని. వ్రేలెడేసి చేపలు అవి. లెక్కించి మరల విడిచివేయుదురు. ఒక్కొక్క వలకు సగటున నెన్ని పడినవో యదియే యా సంవత్సరపు సంఖ్య. ఎర లేదు, దొర లేడు, కఱచుట కఱవకుండుట యను ప్రశ్నయే లేదు. మూడువందల యేండ్లనుండి గాలపువారు ఒడ్డుననుండి యడుగుచున్న ప్రశ్నకు సమాధానము గాలమును విడిచినప్పుడు గాని దొరకలేదు.

దొరకినను వినవలెను గదా. 1970లో మంచి తరము పుట్టెను. దాని బలమున 1973లో వర్తకులు పట్టిన బాసు 147 లక్షల పౌనులయ్యెను. ఆ మీదట పిల్లల లెక్క యేటేటికి బడిపోవుచుండగా పెద్దచేపలను బట్టుట మాత్రము సాగుచునేయుండెను. పదేండ్లలో వర్తకుల పట్టు నాల్గవ వంతునకు దిగజాఱెను. 1979లో జాతీయశాసనసభ అత్యవసర పరిశోధన కుత్తరువు చేసెను. ఆమ్లపువానలా, లోహవిషములా, ఆహారలోపమా యని పండితులు వెదకిరి. అన్నింటను గొంతగొంత దోషమున్నను, మనుష్యుని చేతిలో వెంటనే యాపగల కారణము పట్టుటయే యని తేల్చిరి. 1984లో చారల బాసు రక్షణశాసనము పుట్టెను. కట్టుబాటును బాటింపని రాష్ట్రమున బాసువేటనే కేంద్రప్రభుత్వము నిషేధింపవచ్చునని యందలి నిబంధన. 1985 జనవరి 1 నుండి మేరీలాండు తన జలములలో నీ వేటను బూర్తిగా మాన్పించెను. తాతలనాటినుండి దీనిపై బ్రదికిన పల్లెకారులకు నైదేండ్ల యుపవాస మది. వారు తిట్టిన తిట్లు న్యాయమైనవే. వారికంటె ముందు, ఉత్తరపు రాతికట్టలమీద వినోదమునకై పెద్ద తల్లిచేపలను దీసినవారు ఉపవాసము చేయలేదు. వారికి బ్రొద్దుపోకుండుట మాత్రమే తటస్థించినది.

1982లో పుట్టిన యాడుచేపలు ఒక్కసారియైనను గ్రుడ్లు పెట్టువఱకు వానిని గాపాడవలెనని రాష్ట్రములు కొలత నిబంధనలను బెంచుకొనుచు బోయినవి. పిల్లల లెక్క మూడేండ్ల సగటు 8 దాటినగాని వేట తెఱవరాదని నియమించుకొనిరి. 1989లో నా యేటి సంఖ్య 25 దాటెను. 1990లో మితముగా వేట మొదలయ్యెను. 1995లో జాతి కోలుకొన్నదని ప్రకటించిరి.

కథ యింతటితో ముగిసియుండిన బాగుండెడిది. 2019లో వెలువడిన శాస్త్రజ్ఞుల పరిశీలనలో తల్లిచేపల మొత్తము మరల నిర్ణీతపు మట్టమునకు దిగువ బడినదని తేలెను. 2023లో 31 అంగుళములకు మించిన చేపను గాలపువారు ఉంచుకొనరాదని తీరమంతటికి నత్యవసర నియమము చేసిరి. ఇప్పుడు గాలపువారు పట్టినవానిలో ననేకమును విడిచివేయుచున్నారు. అట్లు విడిచినవానిలో నూటికి తొమ్మిది చచ్చునని లెక్కలు కట్టువారు గ్రహించుకొందురు. విడిచిన చేతికి దయ గలదు గాని, గాలము దిగిన గొంతుకు దాని వలన గలుగు లాభ మంతంతమాత్రమే.

నేటి పడవలయందు నీటిలోని చేపను తెరపై జూపు యంత్రములున్నవి. చేపలున్నవా లేవా యను సందేహము ఆ పడవ క్రింది నీటిమట్టుకు దీఱినది. క్రింద నిరువది బాసులు వరుసగా నిలిచియుండుట కనబడును, ఒక్కటియు గఱవదు, వేటకాడు యంత్రమును జూచి నిట్టూర్చి, చేపలు కావలసినన్ని యున్నవని మునుపటికంటె ధైర్యముగా జెప్పును. ఆ యిరువదియు నెంత వయస్సు గలవో, వాని వెనుక నెన్ని వచ్చుచున్నవో ఆ తెర చూపదు. మేరీలాండు వలకు దీర్ఘకాలపు సగటు దాదాపు 11 పిల్లలు. 2023లో సగటున నొక్కొక్క వలకు బడినది 1. 2024లో 2. ఏటేట జులైనుండి సెప్టెంబరు వఱకు ఆ నూఱడుగుల వలను నిర్ణీతమైన 22 చోటులందు లాగుచునే యున్నారు.